36 కంట్రోలర్‌కి 48 బ్యాటరీ

ఎలక్ట్రిక్ సైకిల్ కొన్న రెండు మూడేళ్లకు బ్యాటరీ నీరసిస్తుంది. ఒక్క ఛార్జింగ్‌తో ఆఫీసుకి వెళ్లి ఇంటికి తిరిగొచ్చిన బండి, ఇప్పుడు తిరుగు దారిలో ఫ్లైఓవర్ సగం ఎక్కేసరికి చేతులెత్తేస్తుంది. కొత్త ప్యాక్ కట్టించుకుందామని దుకాణానికి వెళ్తే అక్కడ తరచూ వినిపించే సలహా ఒకటుంది: ‘‘ఎలాగూ మారుస్తున్నావ్ కదన్నా, మళ్లీ 36 ఎందుకు? 48 వేసేద్దాం. పికప్ చూడు ఇక!’’

వేస్తారు. నడుస్తుంది. చిక్కంతా ఆ నడవడంలోనే ఉంది. ఒకరి సైకిల్ ఆ 48 బ్యాటరీతోనే ఏళ్ల తరబడి తిరుగుతుంది. అదే 36 స్టిక్కర్ ఉన్న కంట్రోలర్ ఇంకొకరి దగ్గర స్విచ్ వేసిన క్షణంలోనే ‘టప్’మంటుంది, సీటు కింద నుంచి పొగ, కాలిన వాసన. ‘‘ఏమీ కాదు, నేను వాడుతున్నాను’’ అని మొదటివారు, ‘‘పెడితే పేలిపోతుంది’’ అని రెండోవారు. ఇద్దరి మాటా నిజమే. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు ఎందుకున్నాయో తెలియాలంటే కంట్రోలర్ అనే, మోటారును నడిపే ఆ చిన్న అల్యూమినియం డబ్బా మూత తీయాలి. నాలుగు స్క్రూలు విప్పి చూసే ఓపిక లేనివారు ఈ మార్పు జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

నిండినప్పుడు ఎంత?

ముందు బ్యాటరీ సంగతి. ప్యాక్ మీద రాసే వోల్టేజీ పిలుచుకోవడానికి పెట్టిన పేరు మాత్రమే. 36 వోల్టుల లిథియం ప్యాక్‌లో 10 సెల్స్ సిరీస్‌లో ఉంటాయి. ఒక్కో సెల్ సగటున 3.6 వోల్టులు ఇస్తుంది కాబట్టి మొత్తాన్ని 36 అంటున్నాం. నిండా ఛార్జయిన సెల్ మాత్రం 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. అంటే ఛార్జర్ పీకిన వెంటనే ఆ ప్యాక్‌ను మీటరుతో కొలిస్తే 42 చూపిస్తుంది. 48 పేరుతో వచ్చేదాంట్లో 13 సెల్స్ ఉంటాయి, నిండితే 54.6 వోల్టులు. 52 పేరుతో 14 సెల్స్ ప్యాక్ కూడా దొరుకుతుంది, అది 58.8 దాకా వెళ్తుంది. 72 అంటే 20 సెల్స్, 84 వోల్టులు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ అయితే లెక్క మళ్లీ మారుతుంది. వాటితో కట్టిన 16 సెల్స్ ప్యాక్‌నీ 48 అనే అమ్ముతారు, కానీ అది నిండితే 58.4 వోల్టులు. ఒకే పేరున్న రెండు ప్యాక్‌ల మధ్య దాదాపు 4 వోల్టుల తేడా అన్నమాట. ప్యాక్ కట్టేవారిని అడగాల్సింది ‘ఎన్ని వోల్టులు’ అని కాదు, ‘ఏ సెల్స్, సిరీస్‌లో ఎన్ని’ అని.

వోల్టేజీ అనగానే మన పల్లెల్లో భయం లో ఓల్టేజీ గురించే. సప్లై తగ్గితే బోరు మోటారు ఎక్కువ కరెంటు లాగి కాయిల్ కాల్చుకుంటుంది. ఆ సంగతి తెలియని రైతు ఉండడు. సైకిల్ దగ్గర ఆ భయం తలకిందులవుతుంది. ఇక్కడ వోల్టేజీ తగ్గితే కంట్రోలర్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. పెరిగితేనే చస్తుంది. ముందుగా పోయేది మోటారు కాదు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్స్.

కెపాసిటర్ మీద రాసిన మాట

మూత తీశాక మొదట చూడాల్సింది బ్యాటరీ వైర్లు బోర్డులో కలిసేచోట నిలబడి ఉండే పెద్ద కెపాసిటర్. చిన్న డ్రమ్ములా, నల్లటి లేదా ఆకుపచ్చ తొడుగుతో ఉంటుంది. దాని ఒంటి మీద రెండు అంకెలు అచ్చేసి ఉంటాయి. ఒకటి మైక్రోఫారడ్లలో, రెండోది వోల్టులలో. మనకు కావలసింది రెండోది. ఈ కథంతా దాదాపుగా ఆ అంకెలోనే ఉంది.

అక్కడ 50 అని ఉంటే 54.6 వోల్టుల ప్యాక్ దానికి మొదటి క్షణం నుంచే మోయలేని బరువు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి హద్దు మించిన వోల్టేజీ పెడితే లోపల లీకయ్యే కరెంటు పెరుగుతుంది, వేడెక్కుతుంది, ద్రవం వాయువుగా మారి పైమూత ఉబ్బుతుంది. ఒక్కోసారి వెంటనే పగులుతుంది, ఒక్కోసారి కొన్ని వారాలు నెట్టుకొచ్చి ఎండాకాలంలో పగులుతుంది. అక్కడ 63 అని ఉంటే 54.6 దానికి సమ్మతమే, ఎనిమిది వోల్టులకు పైగా ఊపిరి పీల్చుకునే చోటు ఉంది. అదే 63కి 14 సెల్స్ ప్యాక్ పెడితే మిగిలేది 4.2 వోల్టులు. చాలామంది అలా నడుపుతున్నారు. నేనైతే పెట్టను.

ఇప్పుడు ఆ ఇద్దరి తగువు తీరుతుంది. చవక కంట్రోలర్లు చేసే చాలాచోట్ల 36కీ 48కీ వేర్వేరు బోర్డులు చేయరు. ఒకే బోర్డు, ఒకే విడిభాగాలు. బ్యాటరీ ఏ వోల్టేజీకి దిగితే ఆగిపోవాలో నిర్ణయించే ఒక రెసిస్టర్ విలువ మార్చి, స్టిక్కర్ మార్చి అమ్ముతారు. అలాంటి డబ్బా చేతికొచ్చినవారికి 36 స్టిక్కర్ మీద 48 హాయిగా నడిచింది. రెండు మూడు రూపాయలు కలిసొస్తాయని 50 వోల్టుల కెపాసిటర్ వేసిన డబ్బా వచ్చినవారికి పేలింది. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే.

కెపాసిటర్ తర్వాత మోస్‌ఫెట్లు. డబ్బా గోడకి ఆనించి వరుసగా బిగించి ఉంటాయి. మోటారుకి మూడు ఫేజులు, ఒక్కో ఫేజుకి పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం ఆరు. పెద్ద కంట్రోలర్లలో తొమ్మిది, పన్నెండు కూడా ఉంటాయి. సెకనుకు వేల సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ బ్యాటరీ డీసీని మోటారు తిరగడానికి కావలసిన మూడు అలలుగా మార్చేది ఇవే. వీటి మీద చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంటుంది. 75ఎన్‌ఎఫ్75 అని ఉంటే అది 75 వోల్టుల భాగం. ఐఆర్‌ఎఫ్‌బీ4110 అయితే 100 వోల్టులు. 54.6కి 75 చాలు కదా అనిపిస్తుంది. నిలకడ వోల్టేజీకి చాలు. కానీ మోస్‌ఫెట్ మూసుకున్న ప్రతిసారీ వైర్లలో ప్రవహిస్తున్న కరెంటు ఒక్కసారిగా ఆగలేక పైకి ఎగదన్నుతుంది. కంటికి కనబడని ఆ ఎగదన్ను కొన్ని వోల్టులు ఉండొచ్చు, ఇరవై కూడా ఉండొచ్చు. బ్యాటరీని వెనక క్యారియర్‌కి మార్చి వైరు ఎంత పొడుగు చేస్తే అంత పెరుగుతుంది. దాన్ని మింగేది మళ్లీ ఆ కెపాసిటరే. అందుకే వైరు పొడుగు పెంచాల్సి వస్తే కంట్రోలర్ నుంచి మోటారుకు వెళ్లే వైపు పెంచడం మేలు, బ్యాటరీ వైపు కాదు. దిగుడులో మోటారుతో బ్రేకు వేసి కరెంటును బ్యాటరీకి పంపే ఏర్పాటు ఉంటే, నిండిన ప్యాక్ మీద వోల్టేజీ ఇంకా పైకి పోతుంది.

బజార్లో దొరికే 4110లన్నీ నిజమైన 4110లు కావన్న సంగతి కూడా చెప్పాలి. చవక చిప్ పైన నంబరు చెరిపి, ఖరీదైన నంబరు అచ్చేసి అమ్మే వ్యాపారం ఎలక్ట్రానిక్స్ లోకమంతటా ఉంది. పాత కంట్రోలర్‌లో ఆరు మోస్‌ఫెట్లూ పీకి కొత్తవి సోల్డరింగ్ చేయించే బదులు, పెట్టబోయే ప్యాక్‌కి తగిన కంట్రోలర్‌నే కొనడం నయం. ప్యాక్ ధర పక్కన పెడితే కంట్రోలర్ ధర చాలా చిన్నది.

మూడోది అందరూ మరిచిపోయే భాగం. కంట్రోలర్ మెదడుకి, థ్రాటిల్‌కి, మోటారులోని హాల్ సెన్సర్లకి కావలసింది 5 వోల్టులే. మోస్‌ఫెట్లను తెరిచే సర్క్యూట్‌కి 12 నుంచి 15. బ్యాటరీ వోల్టేజీని అంత కిందికి దించడానికి చవక బోర్డుల్లో ఒక లావుపాటి రెసిస్టర్, దాని వెంట ఎల్‌ఎం317 లాంటి రెగ్యులేటర్ పెడతారు. ఇవి మిగులు వోల్టేజీని వేడిగా మార్చి పారేస్తాయి. లోపలి సర్క్యూట్ 50 మిల్లీయాంపులు తీసుకుంటోందనుకుందాం. 42 నుంచి 15కి దించితే 27 వోల్టులు, 1.35 వాట్ల వేడి. 54.6 నుంచి దించితే రెండు వాట్లు, అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. అందులోనూ ఎల్‌ఎం317కి రెండు కాళ్ల మధ్య తేడా 40 వోల్టులు దాటకూడదన్న హద్దుంది. ఇక్కడ తేడా 39.6. రెసిస్టర్ కొంత భారం పంచుకుంటుంది కాబట్టే గట్టెక్కుతుంది. అయితే ఆ రెసిస్టర్ పక్కనే కెపాసిటర్ ఉంటే? ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ప్రతి 10 డిగ్రీల వేడికి ఆయుష్షు సగం పోగొట్టుకుంటుందని ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన సైకిల్‌లో, మూసిన డబ్బా లోపల ఆ కెపాసిటర్ ఎంత వేడి మీద ఉంటుందో ఊహించండి.

మోటారుకి ఏమవుతుంది?

హబ్ మోటారు వైండింగ్ మీది ఎనామెల్ పూతకు 36 అయినా 48 అయినా లెక్కలేదు. మోటారుకి పట్టేవి రెండే, వేగం, వేడి. ఖాళీ చక్రం తిరిగే వేగం వోల్టేజీకి సరిసమానంగా పెరుగుతుంది. 36 నుంచి 48 అంటే మూడింట ఒక వంతు ఎక్కువ. 25 కిలోమీటర్ల దగ్గర ఆగే బండి 33 వైపు వెళ్తుంది. దుకాణంలో అన్న ‘పికప్’ మాట కూడా అబద్ధం కాదు. కంట్రోలర్ 15 యాంపుల దగ్గర కరెంటును కట్టడి చేసేదైతే 36 మీద 540 వాట్లు తీసేది, 48 మీద 720 తీస్తుంది.

ఆ అదనపు శక్తి ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. చదునైన రోడ్డు మీద గాలిని చీల్చడానికి పోతుంది. గాలి కోసం ఖర్చయ్యే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 25 నుంచి 33కి వెళ్లడానికి ఆ ఖర్చు రెండు రెట్లు దాటుతుంది. కొత్త ప్యాక్ పెద్దదైనా మైలేజీ ఆశించినంత రాలేదని వాపోయేవారు చూడాల్సింది ఇక్కడే.

చదును కాకుండా ఎత్తు అయితే? విశాఖలో కైలాసగిరి రోడ్డు లాంటిది ఎక్కుతూ బండి నెమ్మదించిందనుకోండి. ఆ వేగంలో మోటారుకి 12 వోల్టులే చాలు. కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజీని దించి, దానికి తగ్గట్టు కరెంటు పెంచి మోటారుకిస్తుంది. 540 వాట్లను 12తో భాగిస్తే 45 యాంపులు. 720ని భాగిస్తే 60. కంట్రోలర్‌లో ఫేజు కరెంటుకి విడిగా కట్టడి లేకపోతే అదంతా రాగి తీగలోకే పోతుంది. రాగిలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కనుక 1.78 రెట్లు. హబ్ మోటారు అన్నివైపులా మూసిన డబ్బా, లోపలి వేడి బయటికి పోయే దారి సన్నం. గేర్ల హబ్ అయితే లోపల నైలాన్ పళ్లచక్రాలున్నాయి, అవి వేడికి మెత్తబడతాయి. ఎత్తు మీద థ్రాటిల్ పూర్తిగా తిప్పి ఉంచడం కన్నా పెడలు కలపడం మోటారుకి చేసే పెద్ద సాయం.

అలాగని వోల్టేజీ పెంచడం తప్పు ఆలోచన కాదు. అదే 500 వాట్లు 36 మీద తీయాలంటే దాదాపు 14 యాంపులు కావాలి, 48 మీద పదిన్నర చాలు. వైర్లలో, కనెక్టర్లలో వృథా అయ్యే వేడి దాదాపు సగానికి పడిపోతుంది. పెద్ద కార్ల కంపెనీలు 400 వోల్టుల నుంచి 800కి వెళ్లడంలోనూ ఈ లెక్కే ఉంది. అయితే ఈ లాభం దక్కాలంటే వోల్టేజీ పెంచినంత మేర కరెంటు హద్దు తగ్గించాలి. మన దగ్గర జరిగేది దానికి పూర్తిగా ఎదురు. వోల్టేజీ పెంచి, అది చాలక కరెంటు కొలిచే షంట్ తీగ మీద సోల్డర్ పూసి కంట్రోలర్‌ని బోల్తా కొట్టిస్తున్నారు. తన గుండా 15 యాంపులే పోతున్నాయని అది నమ్ముతుంది, నిజానికి 20 పోతుంటాయి. ఆ రెండు పనులూ కలిపి చేసిన సైకిల్ మీద నేను పిల్లల్ని ఎక్కనివ్వను.

బ్యాటరీ వైపు నుంచి

కంట్రోలర్ బతికినంత మాత్రాన అన్నీ సర్దుకున్నట్టు కాదు. 36 కంట్రోలర్ సుమారు 31 వోల్టుల దగ్గర ఆగిపోయేలా అమర్చి ఉంటుంది. 10 సెల్స్‌కి అది సెల్‌కి 3.1, సబబైన చోటు. అదే 31ని 13 సెల్స్‌కి పంచితే ఒక్కోదానికి 2.4 కూడా రాదు. అంత లోతుకు దించితే లిథియం సెల్ పాడవుతుంది. అంటే ఇక కాపలా అంతా ప్యాక్ లోపల సెల్స్‌ను కాచే సర్క్యూట్, బీఎంఎస్ ఒక్కదానిదే. డిస్‌ప్లే కూడా మోసం చేస్తుంది. 39 వోల్టులు చూడగానే 36 డిస్‌ప్లే బ్యాటరీ బాగానే ఉందని గీతలు వెలిగిస్తుంది. 13 సెల్స్ ప్యాక్‌కి 39 అంటే సెల్‌కి 3 వోల్టులు, దాదాపు ఖాళీ. కొన్ని కంట్రోలర్లు ప్యాక్‌ను చూసి 36నో 48నో వాటంతటవే గుర్తుపడతాయి. అలాంటిది కాకపోతే డిస్‌ప్లేని, బ్యాటరీ నుంచి నేరుగా వెలిగే హెడ్‌లైట్‌ని, హారన్‌ని కూడా విడివిడిగా చూసుకోవాలి. పాత లైటు కొత్త వోల్టేజీకి మొదటి రాత్రే మాడిపోవచ్చు.

ఇక ఛార్జర్. ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. కొత్త 48 ప్యాక్‌తో పాటు 54.6 వోల్టుల ఛార్జర్ ఇంటికొస్తుంది. పాత 36 ప్యాక్, దాని 42 వోల్టుల ఛార్జర్ కూడా ఇంట్లోనే ఉంటాయి, పారేయబుద్ధి కాదు. రెండు ఛార్జర్లూ నల్లటి డబ్బాలే, చాలాసార్లు ప్లగ్గు కూడా ఒకటే. పాత ఛార్జర్‌ను కొత్త ప్యాక్‌కి పెడితే సాధారణంగా ఛార్జింగ్ సరిగా ఎక్కదు, అంతే. కొత్త ఛార్జర్‌ను పాత ప్యాక్‌కి పెడితే అది ఒక్కో సెల్‌ను 4.2 దాటించి 5 పైకి నెట్టాలని చూస్తుంది. బీఎంఎస్ బాగుంటే అడ్డుకుంటుంది. మూడేళ్లు వానలో, గుంతల్లో తిరిగిన ప్యాక్‌లోని బీఎంఎస్ బాగుందని ఎవరు చెప్పగలరు? కొత్తది ఇంటికి రాకముందే ఛార్జింగ్ ప్లగ్గుల రకం మార్పించండి. ఒకదాని ప్లగ్గు ఇంకోదాంట్లో దూరకుండా ఉండాలి. రంగు టేపు చాలదు, రాత్రి నిద్రమత్తులో ఎవరూ రంగు చూడరు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ ఇంటి యజమాని ప్రాణం తీసింది. ఆ ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైగదుల్లోకి పాకి 8 మంది చనిపోయారు. ఇవి వోల్టేజీ మార్పు వల్ల జరిగినవని నేను అనడం లేదు. లిథియం సెల్ అదుపు తప్పితే గదిలో ఉన్నవారికి తప్పించుకునే వ్యవధి దొరకదని చెప్పడానికి ఇవి చాలు. ఆ తర్వాతే, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా, బ్యాటరీల భద్రతకు ఏఐఎస్-156 ప్రమాణంలో కఠినమైన షరతులు వచ్చాయి. దుకాణంలో సెల్స్ పేర్చి నికెల్ పట్టీతో అతికించి నీలం తొడుగు వేసిచ్చే సైకిల్ ప్యాక్‌ను ఆ పరీక్షలకు పంపేవారు లేరు. కాబట్టి హాలులో, గుమ్మం పక్కన, మెట్ల కింద ఛార్జింగ్ పెట్టకండి. బయటికి పోయే దారికి అది అడ్డం రాకూడదు.

చట్టం, బ్రేకులు

మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉన్నంతవరకే ఇలాంటి బండికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు. 48 ప్యాక్‌తో 33 మీద పరిగెత్తే సైకిల్ చూడ్డానికి సైకిలే అయినా చట్టం దృష్టిలో మోటారు వాహనం. దానికి ఇన్సూరెన్సు ఉండదు, ఇంట్లో మార్చిన బండి కాబట్టి తెచ్చుకునే దారీ లేదు. ఎవరినైనా గుద్దితే ఆ భారం పూర్తిగా నడిపినవారి మీదే పడుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో వేగ పరిమితి ఉంటే కొత్త ప్యాక్ పెట్టాక కూడా దాన్ని 25 దగ్గరే ఉంచండి. 48 ఇచ్చే అసలు లాభం, అంటే ఎత్తు మీద నిలకడ, వైర్లలో తక్కువ వేడి, ఆ పరిమితిలోనే దక్కుతుంది. వేగం మూడింట ఒక వంతు పెరిగితే బ్రేకు వేశాక ఆగే దూరం ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. రబ్బరు దిమ్మల రిమ్ బ్రేకులతో, వానలో, మన రోడ్ల మీద. ఫోర్కు చీలికలో ఇరుసును పట్టి ఉంచే నట్లు కూడా పెరిగిన తిప్పుడు బలానికి వదులవుతాయి. ఇరుసు తిరిగిందంటే వైర్లు తెగుతాయి, చక్రం ఊడుతుంది. టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ ఒకటి బిగిస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

మొదటిసారి కలిపేటప్పుడు

కెపాసిటర్ 63, మోస్‌ఫెట్లు 75కి పైన, రెగ్యులేటర్‌కి ఊపిరి ఉంది, ఛార్జర్లు వేరయ్యాయి. ఇప్పుడు ప్యాక్ కలపాలి. నేరుగా కలిపితే ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగి కనెక్టర్ దగ్గర పెద్ద మెరుపు వస్తుంది, పిన్నులు కాలి గరుకెక్కుతాయి. మన ఎలక్ట్రీషియన్లు కొత్త వైరింగ్‌ను పరీక్షించే సిరీస్ బల్బు ఇక్కడా పనికొస్తుంది. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బును ప్లస్ వైరులో సిరీస్‌గా పెట్టి కలపండి. కంట్రోలర్ బాగుంటే కెపాసిటర్లు మెల్లగా నిండి బల్బు ఆరిపోయే ఉంటుంది. షార్ట్ ఉంటే ఫిలమెంటు ఎర్రగా మసకగా వెలుగుతూనే ఉంటుంది, కంట్రోలర్ మాత్రం పేలదు. సరిగా ఉందని తేలాక బల్బు తీసి మామూలుగా కలపొచ్చు. రోజూ తీసి పెట్టే ప్యాక్ అయితే మెరుపు రాకుండా లోపలే రెసిస్టర్ ఉన్న ఎక్స్‌టీ90-ఎస్ కనెక్టర్ వేయించుకోండి.

ఎప్పుడైనా చక్రం చేత్తో తిప్పితే ఆగి ఆగి, ఎవరో పట్టి లాగుతున్నట్టు తిరిగితే మోటారు మూడు ఫేజు వైర్లు కంట్రోలర్ నుంచి విడదీసి, ఆ కొసలు ఒకదానికొకటి తగలకుండా మళ్లీ తిప్పండి. గేర్ల హబ్‌ని వెనక్కి తిప్పి చూడాలి, ముందుకి తిప్పితే లోపలి క్లచ్ వదిలేస్తుంది. వైర్లు విడదీశాక తేలిగ్గా తిరిగితే మోస్‌ఫెట్లలో ఏదో షార్టయింది. ఆ కంట్రోలర్‌కి బ్యాటరీ పెట్టకండి.

అన్నీ బాగుంటే మూత బిగించకుండానే పొడి రోడ్డు మీద పది నిమిషాలు నడిపి, ఒక ఎత్తు ఎక్కించి, బ్యాటరీ విడదీసి, కెపాసిటర్ పైమూత చదునుగా ఉందో లేదో చూడండి. ఎక్కువ వేడి ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే ముందు ఆ లావుపాటి రెసిస్టర్ చుట్టూ బోర్డు రంగు చూడండి. గోధుమ రంగు తిరిగి ఉంటే ఆ కంట్రోలర్‌కి 48 వద్దు.